రెండో సగం నీదే

లోయిస్ క్రేబిల్ మైదానానికి గీతలు తానే గీసుకునేది. కాలేజీలో ఆ పనికి మనుషులున్నారు గాని, వాళ్ల గీత ఆమెకు నచ్చేది కాదు. పొద్దున్నే ఈ కొసన ఒక మేకు, ఆ కొసన ఒక మేకు దిగ్గొట్టి, గడ్డిమోపులు కట్టే పురికొస బిగించి, దాని వెంట రంగుబండి తోసుకుంటూ పోయేది. "గీత వంకరైతే ఆటా వంకరే" అనేది.

పెన్సిల్వేనియాలో పాడి చేసుకునే మెన్నొనైట్ ఇంటి పిల్ల ఆమె; ఆడంబరాలు లేకుండా బతికే క్రైస్తవ శాఖ వాళ్లది. ఆట ఆమెకు ఎవరూ చేయి పట్టి నేర్పలేదు. కంచె బయట నిలబడి చూసి, ఇంటికొచ్చి పశువుల కొట్టం గోడకేసి బంతి కొట్టి నేర్చుకుంది. ఆ చిన్న కాలేజీకి వ్యాయామం టీచరుగా వచ్చి, అమ్మాయిల హాకీ జట్టుకు హెడ్ కోచ్ అయి, అక్కడే తల నెరిసింది. పెద్ద విశ్వవిద్యాలయాలు పిలిచినా కదల్లేదు. కప్పులు పెద్దగా రాలేదు. కానీ ఒక పిల్ల బంతి ఆపే తీరు చూసి, "ఇది క్రేబిల్ దగ్గర నేర్చిన చెయ్యి" అని చుట్టుపక్కల కోచ్‌లు పోల్చుకునేవాళ్లు.

చేరేవాళ్లు తగ్గిపోయి, ఆ ఏడు చివర కాలేజీ మూసేస్తామన్నారు. ఆ రోజు నుంచి లోయిస్‌కు ఒకటే పని: చదువు మిగిలిన ప్రతి పిల్లకూ వేరే కాలేజీ జట్టులో చోటు చూడటం. ఫోన్లు చేసింది, బతిమాలింది, దబాయించింది. డెలేనీకి తప్ప అందరికీ కుదిరింది. డెలేనీ గోల్‌కీపర్. ఏ జట్టుకైనా కీపర్లు ఇద్దరుంటే చాలు, మూడోది ఎవరికీ అక్కర్లేదు. కిందటి వేసవిలో ఆ పిల్ల ఇంటి వంటింట్లో కూర్చుని, "నాలుగేళ్లూ ఆడుతుంది, నాదీ పూచీ" అని వాళ్లమ్మతో చెప్పి వచ్చింది లోయిస్. ఆ మాట ఆమెను నిద్రపోనివ్వలేదు.

చివరికి బెత్ హారిష్ ఒకసారి ఆ పిల్ల ఆట చూడటానికి సరేనంది. ఒకప్పుడు లోయిస్ జట్టుకు కెప్టెన్, ఇప్పుడు వేరే కాలేజీలో కోచ్.

"మీ ఆఖరి ఆటకొచ్చి చూస్తాను కోచ్. కానీ సాయంత్రం మా పిల్లలకి ప్రాక్టీసుంది. సగం ఆట అవగానే బయల్దేరిపోతాను, మళ్లీ ఏమీ అనుకోకండి."

చిక్కు అక్కడే వచ్చింది. సొంత మైదానంలో ఆఖరి ఆట అంటే, ఆ ఏడు చదువు ముగించుకునేవాళ్ల రోజు. అమ్మానాన్నలు పూలగుత్తులిచ్చి మైదానంలోకి నడిపించుకొస్తారు. ఏడాదంతా బెంచీ మీద కూర్చున్నా సరే, ఆ రోజు ఆట మొదలుపెట్టేది వాళ్లే. ఆ ఆనవాయితీని లోయిస్ ఎన్నడూ తప్పలేదు. ఈసారి వెళ్లిపోయేవాళ్లలో కెండ్రా జుక్ ఉంది. ఆమే రెండో గోల్‌కీపర్. చేరిన నాటి నుంచి అసలు ఆటలో ఒక్కసారైనా గోల్‌లో నిలబడలేదు.

సామాన్ల గదిలో కెండ్రా ప్యాడ్లు తుడుచుకుంటోంది. లోయిస్ తలుపు దగ్గరే నిలబడి, బెత్ ఉండే మొదటి సగం డెలేనీని ఆడించాలని చెప్పింది.

కెండ్రా తలెత్తలేదు. "బెంచీకి నా ఆకారం వచ్చేసింది కోచ్. ఇంకో సగం కూర్చుంటే అరిగిపోదులెండి."

"ముందు నిన్ను ఒక్క నిమిషం నిలబెట్టి మార్చెయ్యొచ్చు. కానీ అది ముష్టి వేసినట్టుంటుంది. అట్లా చెయ్యను. రెండో సగం నీదే. మొత్తం."

"మొత్తమా? మా తాత పాలు పితకడం కూడా మానుకుని వస్తున్నాడు. మాట తప్పితే ఆవుల్ని మీమీదికి తోలతాడు!"

"తప్పను" అంది లోయిస్.

ఆట మొదలైంది. డెలేనీ ఆ రోజు ఆడినట్టు మళ్లీ ఎన్నడైనా ఆడుతుందో లేదో. వరసగా మూడు పెనాల్టీ కార్నర్లు ఆపింది. కుడివైపు పైకి లేచిన బంతిని చేతి ప్యాడ్‌తో అలవోకగా పక్కకు తోసేసింది. సగం అయ్యేసరికి బెత్ కారు తాళాలు తీసుకుని లోయిస్ దగ్గరికొచ్చింది.

"తీసుకుంటాను కోచ్. మీ చెయ్యే అది, చూస్తే తెలియట్లా?"

లోయిస్ గుండెల మీది బరువు దిగింది. పిల్లలు నారింజ తొనలు తింటున్నారు. కెండ్రా తాత ఎల్విన్ తన మడత కుర్చీ ఎత్తుకుని, మనవరాలు నిలబడబోయే గోల్ వెనక్కి మార్చుకున్నాడు. కెండ్రా పరుగున వెళ్లి, రెండు స్తంభాలనూ కాలితో తట్టి, వంగి నిలబడింది.

అప్పుడే కొండ మీద మెరిసింది.

అంపైర్ ఈల ఊది అందరినీ లోపలికి పంపించేశాడు. మెరుపు కనబడితే అరగంట ఆగాలి. ఆ అరగంట తీరకముందే ఇంకొకటి మెరిసింది, ఆ వెంటనే వాన దంచికొట్టింది. ఆ మైదానానికి దీపాలు లేవు. చీకటి పడ్డాక, ఇక ఆట లేదన్నారు. అవతలి జట్టు బస్సెక్కింది.

కెండ్రా హెల్మెట్ కూడా తియ్యకుండా గోడవారన కూర్చుని ఉంది.

"కెండ్రా, నేను..."

"ఊరుకోండి కోచ్. మెరుపుని మీరు పిలిచారా?"

"రేపు పొద్దున్నే రా. నేను కొడతాను, నువ్వు ఆపు."

కెండ్రా హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది. "రోజూ చేసింది అదేగా" అంది మెల్లగా.

మర్నాడు మేకులు పీకడానికి వెళ్లిన లోయిస్‌కు గోల్ వెనక ఎల్విన్ కుర్చీ కనబడింది. దాని కాళ్లు తడి నేలలో దిగబడ్డాయి. దాన్ని పీకి, తుడిచి, బండిలో వేసుకుని వాళ్ల పొలానికి వెళ్లింది. ఎల్విన్ కొట్టంలో పాలమిషను గొట్టాలు తగిలిస్తున్నాడు.

"దీనికోసం ఇంత దూరం వచ్చావా?" అన్నాడు. "ఆ చిన్నపిల్ల బాగా ఆపిందమ్మా. చోటు దొరికిందటగా?"

"దొరికింది."

ఆయన తరవాతి ఆవు దగ్గరికి జరిగాడు. వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "మరి మాది? బాగా ఆపేదా?"

లోయిస్ కుర్చీని గోడకు ఆనించింది.

"ఎడమవైపు, నేలబారుగా వచ్చే బంతి ఆమెను దాటేది కాదు. ఈ కాలు ఇట్లా చాపి..." అంటూ తన కాలు చాపి చూపించబోయింది. అరిగిపోయిన మోకాలు సహకరించలేదు.

ఎల్విన్ ఆమె కాలి వంక చూశాడు. గొట్టం చేతిలో అట్లాగే ఉంది.

"ఎడమవైపా" అన్నాడు. "నేను కుర్చీ వేసుకుంది కూడా అటువైపే."