మంచు సరస్సు మీద తాయిల్పట్టివాడు

మిట్టమధ్యాహ్నం లారీ దిగాం. ఎండ కళ్ళు పొడుస్తోంది, చలి చెవులు కోస్తోంది. రెండూ ఒకేసారి ఉండగలవని కోవిల్‌పట్టి నుంచి వచ్చిన నాకు అప్పుడే తెలిసింది. చుట్టూ చెట్టన్నది లేని కొండలు. నడుమ మంచు కరిగి నిండిన నీలం సరస్సు. దాని పేరు చెప్పను. ఊళ్ళో అందరూ సైన్యంలో ఎంతమందిని కాల్చావని అడుగుతారు. అక్కడున్నన్నాళ్ళూ నేను ఎవరి మీదా గుండు పేల్చలేదు. పడవ పందేలు ఆడాను. నవ్వేవాళ్ళు నవ్వండి. నవ్వడం అయ్యాక మిగతాది వినండి.

మాది ఇంజనీర్ల దళం. సైన్యాన్ని నదులు దాటించడం మా పని. పడవలు మాకు కొత్త కాదు. పందెం పడవలు వేరు. మంచం కన్నా కాస్త పెద్దవి, బరువు లేనివి, గాలి తగిలితే గిత్తల్లా ఎగిరిపడేవి. ఇద్దరే ఎక్కాలి. ఒకడు చుక్కాని పడతాడు. రెండోవాడు నడుముకు పట్టీ కట్టుకుని, తెరచాప కొయ్య నుంచి వచ్చే తీగకు కొక్కెం తగిలించి, పడవ అంచున పాదాలు ఆనించి నీళ్ళ మీదికి వెల్లకిలా వేలాడతాడు. పడవ ఒరగకుండా వాడి బరువే ఆధారం. ఆ వేలాడేవాణ్ణి నేను. నల్లరేగడిలో పత్తి ఏరుకునే మా వంశంలో నీళ్ళ మీద వేలాడినవాణ్ణి నేనొక్కణ్ణే.

చుక్కాని పట్టేవాడు మా వైపే ఉన్న తాయిల్పట్టి ఊరివాడు. వాణ్ణి అందరం చుక్కానీ అనే పిలిచేవాళ్ళం. వాళ్ళమ్మ టపాకాయల ఫ్యాక్టరీలో ఒక గదిలో మందు కూరేది. ఉండేది తమిళుల నడుమైనా మా ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే. గాలి ఎటు మళ్ళుతోందో, పడవ ఎప్పుడు తిప్పాలో గొంతు చించుకుని చెప్పుకున్నా పక్క పడవలకు ముక్క అర్థమయ్యేది కాదు. మా కోచ్ హవల్దారుకూ అర్థమయ్యేది కాదు, దానికి ఆయన తిట్టేవాడు.

ఆ ఏడు పందెం గెలిస్తే చుక్కానికి పై ర్యాంకు, దాంతోపాటు కుటుంబం ఉండే క్వార్టరు వస్తాయన్నారు. వాడి కన్ను క్వార్టరు మీదే.

"అమ్మను ఆ రూములోనించి తీసుకొచ్చేయాల మామా. అంతే దా," అనేవాడు. మా తెలుగులో 'దా' అంటే అంతేనని నొక్కి చెప్పడం.

ఒక సాయంత్రం బ్యారక్‌లో చమురు పొయ్యి దగ్గర బూట్లు ఆరబెట్టుకుంటున్నాం. మీ అమ్మ ఫ్యాక్టరీ అంటే భయం వేసేది కాదా అని వాణ్ణి అడిగాను.

"సిన్నప్పుడు అమ్మకు కూడు తీసుకొని ఆడికి పోయేవాణ్ణి. దినామూ ఒకటే మాట సెప్పేది. సప్పుడు వింటే పరుగెత్తు, తిరిగి సూడొద్దు, లోన నేనుండినా తిరిగి రావొద్దు కన్నా, అని. నా చేత మళ్ళీ మళ్ళీ సెప్పించేది."

కోచ్ పాఠం దీనికి సరిగ్గా ఎదురు. పడవ బోల్తా పడితే పడవనే పట్టుకోవాలి. ఒడ్డు దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది, నమ్మకూడదు. పడవను వదిలినవాడు పోయినవాడే. అభ్యాసంలో మేం ఎన్నోసార్లు బోల్తా పడ్డాం. చుక్కాని ఒక్కసారి కూడా పడవను వదల్లేదు. ఇది గుర్తుంచుకోండి.

చివరి పందెం రోజు. రబ్బరు సూటు, నారింజ రంగు తేలుడు జాకెట్, జాకెట్ జేబులో చెరొక కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి. గెలిచాకే తినాలని వాడి నియమం. మేమే ముందున్నాం. చివరి మలుపు గుర్తు కనిపిస్తోంది.

"గాలి వస్తుండాది మామా, బాగా వంగు!"

వంగాను. కొండ సందులోంచి గాలి దిగింది. దూరాన నీళ్ళు నల్లబడ్డాయి. ఆ నలుపు పరుగున వచ్చి మమ్మల్ని కొట్టింది.

కొయ్య విరిగింది. కొయ్య అంటాం గానీ అది కార్బన్ గొట్టం. విరిగితే పేలినట్టే ఉంటుంది. ఆ చప్పుడు కొండకు తగిలి మళ్ళీ వచ్చింది. ఫైరింగ్ రేంజిలో రెప్ప కొట్టనివాడు చుక్కాని. అక్కడ చప్పుడుకు ముందు ఆజ్ఞ వస్తుంది. ఇక్కడ రాలేదు. నేను నీళ్ళలోంచి పైకి తేలి, బోల్తాపడ్డ పడవ అంచు పట్టుకునేసరికి వాడు దూరంగా ఈదుతున్నాడు. తిరిగి చూడకుండా ఈదుతున్నాడు.

"పడవ పట్టుకోరా!" అని అరిచాను.

వాడు ఆగాడు. తిరిగాడు. నేను పడవను కరుచుకుని ఉండటం చూశాడు. వాడి ముఖంలో భయం నా కోసమే. నా వైపు ఈదడం మొదలుపెట్టాడు.

"విడిసిపెట్టు మామా! ఈడికి రా! రా!"

చెయ్యి నీళ్ళపైకెత్తి, అరచెయ్యి కిందికి పెట్టి, వేళ్ళు ముడుస్తూ పిలిచాడు. గాలి పడవను, దాంతో నన్ను, తోసుకుపోతోంది. వాడు ఎంత ఈదినా మా మధ్య నీళ్ళు పెరిగాయి. నేను పడవ వదిలి ఉంటే ఇద్దరం పోయేవాళ్ళం. కోచ్ పాఠం సరైనదే. సరైనది కావడం వల్ల నా దుఃఖమేమీ తగ్గలేదు.

తెల్లటి పడవ అడుగు దూరానికి కనిపిస్తుంది. అలల్లో మనిషి తల కనిపించదు. రక్షణ బోటు ముందు నన్ను చేరింది. రేడియోలో కోచ్ గొంతు: "ఒకడు దొరికాడు. చుక్కాని ఎక్కడ?" నేను చెయ్యి చాపి చూపించాను. వాడు దొరికేసరికి చలి వాణ్ణి తీసుకుపోయింది. జాకెట్ వాణ్ణి తేల్చింది, అంతే. జేబులో మిఠాయి అలాగే ఉంది.

శవపేటికతో నన్నే పంపారు. మదురై దాకా విమానం. అక్కణ్ణుంచి సైన్యం బండి. విరుదునగర్‌లో మిరపకాయల ఘాటు ముక్కుకు తగిలింది. సొంత నేల మీదికి వచ్చామని అప్పుడు తెలిసి భోరున ఏడ్చాను.

వాళ్ళమ్మ వేళ్ళకు వెండి రంగు మందు అంటుకునే ఉంది. వచ్చినవాళ్ళు కాస్త పలచబడ్డాక నన్ను పక్కకు పిలిచింది.

"సప్పుడు వచ్చినాదా నాయనా?"

"వచ్చినాది అత్తా."

"పరుగెత్తినాడా?"

"దూరంగా పోయినాడు అత్తా."

"తిరిగి సూసినాడా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "సూసినాడు. నన్ను పిలిసేదానికి తిరిగినాడు."

ఆమె పేటిక మీద చెయ్యి వేసింది. "అది ఒకటి దా వాడు నేర్సుకోలేదు," అంది.

ఆమె ఇంకా ఆ గదికే పనికి పోతుంది. నేను సైన్యం వదిలి ఊరు చేరాను. అప్పుడప్పుడూ ఆమెను చూసి రావడానికి బయల్దేరతాను. విరుదునగర్ బస్టాండులో కండక్టర్లు చుక్కాని పిలిచినట్టే పిలుస్తారు. చెయ్యి ఎత్తి, అరచెయ్యి కిందికి పెట్టి, వేళ్ళు ముడుస్తూ, రా, రా అని. నేను ఎక్కాల్సిన బస్సే అయినా కాళ్ళు కదలవు. ఆ చెయ్యి ఉన్నచోటే ఉంటుంది. దూరమైపోతున్నది నేను.