రెండు పావురాల కవరు

పుస్తకం రాయడం సువర్ణకు పెద్ద కష్టమనిపించలేదు. రాసినదాన్ని పుస్తకంగా చేసేసరికే ప్రాణం విసిగిపోయింది.

ఆమె మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, వార్డులో చూసినవన్నీ రాసింది. నిమ్మనపల్లె నుంచి టమాటా టెంపోలో వస్తూ దారిలోనే కనేసిన పాపక్క, కోడలికి నొప్పులొస్తే కోడలికంటే గట్టిగా అరిచిన అత్త, కవలలు పుట్టారని చెప్పగానే గోడకు జారగిలబడిపోయిన కురబలకోట గొర్రెలాయన, అందరూ అందులో ఉన్నారు.

లోకం చదవాలని రాసిందా అంటే, కాదు. ఒకే ఒక్క మనిషి చదవాలి. ఆ మనిషి తబిత. సువర్ణతో పాటు అదే వార్డులో ఏళ్ల తరబడి డ్యూటీ చేసి, ఇప్పుడు కుప్పంలో ఇల్లు కట్టుకుని ఉంటోంది. పుస్తకంలో తబిత లేని పేజీ లేదు. ఇది ఇట్లాగే జరిగింది, ఇది ఇట్లా జరగలేదు అని చెప్పగలిగింది కూడా ఆమె ఒక్కతే. ఆమె చదివి ఒక మాట అనకపోతే ఇంత రాసీ ఏం లాభమని సువర్ణ బాధ.

అట్లాంటి తబితకు రాసినదంతా ఫోన్లో పంపితే ఏమొచ్చింది? రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది. వారం ఆగి "సదివినావా" అని అడిగితే గులాబీ పువ్వు వచ్చింది. ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"కండ్లు లాగతాండాయి సువర్ణక్కా, ఫోన్లో సదవలేను. పుస్తకమైతే సదువుతా" అంది తబిత.

"సరే, పుస్తకమే చేస్తా. అప్పుడేం సాకు చెప్తావో సూస్తా" అని సువర్ణ పంతం పట్టింది.

పంతం పట్టడం తేలిక. ఫోన్లో ఒక కుర్రాడు నవ్వుతూ, మీ పుస్తకాన్ని మీరే చిటికెలో అచ్చు వేసుకోవచ్చని వీడియోలో చెప్పాడు. వాడి చిటికె పాడుగాను, సువర్ణకు ఆరు నెలలైనా పని కాలేదు. ఒంటి వేలితో ఫోన్లో టైపు చేసినదంతా ఇంటర్నెట్‌లో ఎక్కిస్తే, తెలుగు అక్షరాలకు బదులు గళ్లు గళ్లుగా కనబడ్డాయి. గళ్లు పోయాయనుకుంటే అచ్చు వేసే సైటు పేజీ సైజు తప్పన్నది. పేజీ సరిచేస్తే పుస్తకం వీపు, అంటే కుట్టు వేసే అంచు, ఎంత మందమో చెప్పమన్నది. ఇంకా పుట్టని బిడ్డ బరువు అడిగినట్టుంది ఈ అడగడం అని సువర్ణ ఫోను మంచం మీద పడేసింది. మళ్లీ తనే తీసుకుంది. ఈసారి పుస్తకం ఏ రకమో ఎంచుకోమంది. వైద్యమా, ఆధ్యాత్మికమా, పిల్లల పెంపకమా? కాన్పుల వార్డులో మూడూ ఉన్నాయి. ఏది నొక్కాలి?

"నిన్ను ఎవురడిగినారు ఈ పుస్తకం?" అన్నాడు భర్త ప్రభుదాసు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఏ చిక్కైనా రెండు గుంజీళ్లు తీస్తే పోతుందని నమ్మే మనిషి.

"ఎవురూ అడగలేదు. అదే కదా నా బాధ" అంది సువర్ణ.

ఆయనకు జాలేసిందో, ఆమె సణుగుడు భరించలేకపోయాడో, పుంగనూరులో మురళి ప్రెస్సు ఉందని ఆయనే చెప్పాడు. చర్చి క్యాలెండర్లు, పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు అన్నీ అక్కడే వేస్తారట. సువర్ణ పుంగనూరు బస్సెక్కింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎక్కిందో కండక్టరును అడగాలి.

మురళి మంచివాడే. మర్యాదలో వంక పెట్టడానికి లేదు. వెళ్లిన ప్రతిసారీ కుర్చీ తుడిచి వేస్తాడు, టీ తెప్పిస్తాడు, పని మాత్రం చెయ్యడు. "ముహూర్తాలుండాయి మేడం, పెండ్లి కార్డులు ఆగవు. మీ పుస్తకం యాడికి పోతాది?" అంటాడు. ముహూర్తాలయ్యాక ఎలక్షను ఫ్లెక్సీలు. అవయ్యాక వాళ్ల మిషన్ పాడైంది. చివరికి పేజీలు కూర్చి చూపిస్తే వత్తులన్నీ రాలిపోయి ఉన్నాయి. సువర్ణ అద్దాలు పెట్టుకుని ఒక్కొక్క వత్తునూ మళ్లీ పెట్టించింది. ఆ పని అయ్యేసరికి ఆమెకు మెడ పట్టేసింది.

అప్పుడడిగాడు మురళి, "కవరు ఎట్లా చేసేది మేడం?" అని.

కవరు మాటెత్తగానే సువర్ణకు ఇంటర్నెట్‌లో పడిన పాట్లన్నీ గుర్తొచ్చి ఒళ్లు మండింది. "నన్నేం అడగొద్దప్పా. ఫోటో ఇచ్చినాను, నా గురించి నాలుగు ముక్కలు రాసిచ్చినాను, మొదటి పుస్తకం పంపేదానికి కుప్పం అడ్రసూ ఇచ్చినాను. మావాళ్ల పుస్తకాలకి మామూలుగా ఎట్లా చేస్తావో అట్లే చేసెయ్" అని బస్సుకు వెళ్లిపోయింది.

మురళి అట్లే చేశాడు.

పది రోజుల తర్వాత పుస్తకాల కట్టలు ఆటోలో ఇంటికి దిగాయి. సువర్ణ చేతులు కడుక్కుని వచ్చి, ఆత్రంగా తాడు తెంపి పైది తీసింది. అట్ట మీద కోడిగుడ్డు ఆకారపు చట్రంలో, తెల్ల యూనిఫారంలో తను. చట్రం చుట్టూ లిల్లీ పూలు. పైన రెండు తెల్ల పావురాలు మబ్బుల్లోకి ఎగిరిపోతున్నాయి. ఫోటో కింద ఆమె పుట్టిన సంవత్సరం, దాని పక్కన ఒక గీత, గీత తర్వాత ఖాళీ.

వాళ్ల చర్చి సంఘంలో ఎవరైనా పోతే, జ్ఞాపకార్థ కూడిక నాడు వచ్చినవాళ్లకు ఒక చిన్న పుస్తకం పంచుతారు. పోయినవాళ్ల ఫోటో, పూలు, పావురాలు, రెండు తేదీలు. సువర్ణ బీరువాలో అట్లాంటివి దొంతరగా ఉన్నాయి. ఇప్పుడు తనది కూడా తయారైంది.

ప్రభుదాసు తొంగి చూసి, "ఫోటో బాగొచ్చిందే" అన్నాడు. ఆమె చూసిన చూపుకు బయట చెట్లకు నీళ్లు పెట్టడానికి పోయాడు.

సువర్ణ మురళికి ఫోన్ చేసింది. "ఏంటప్పా ఇది? నేను బతికే ఉండాను కదా."

"తెలుసు మేడం, మొన్న కూడా వచ్చిపోయినారు కదా. అందుకే రెండో తేదీ ఖాళీ వదిలినా."

"వదిలి నాకేం మేలు చేసినావు?"

"'మావాళ్ల పుస్తకాలు ఎట్లో అట్లే' చెయ్యమంటిరి. మీవాళ్లు మా దగ్గర వేయించేవి ఇవే కదా మేడం." ఆ గొంతులో నిజంగానే నొచ్చుకున్న మనిషి ఉన్నాడు. "మీరు తొందరపడతాండారని, కుప్పం అడ్రసు ఇచ్చినారు కదా, ఆ మేడంకి నిన్ననే బస్సులో ఒకటి పంపించేసినాను కూడా."

ఇన్నాళ్లు తిరిగి, మెడ పోగొట్టుకుని, చివరికి తబితకు పంపింది తన చావు పుస్తకమా? నవ్వుతుంది. తబిత ఇంకో పదేళ్లు చెప్పుకుని నవ్వుతుంది. సువర్ణ ఫోన్ ఆపేసి గూట్లో పెట్టి, ముసుగు తన్ని పడుకుంది. మర్నాడు కూడా తెరవలేదు.

ఆ మర్నాటి మధ్యాహ్నం గేటు చప్పుడైంది. సువర్ణ వెళ్లి తలుపు తీసింది. ఎదురుగా తబిత. తెల్లచీర, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లు, చేతిలో చామంతుల దండ.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తబిత మెట్టు మీదే కూలబడింది. కాస్త ఊపిరి తిరిగాక దండను సువర్ణ మీదికి విసిరింది.

"సచ్చినావనుకొంటి కదే. ఫోన్ చేస్తే ఆపేసి ఉండాది. ప్రభుదాసన్నకి చేసి ఏమని అడిగేది? పుస్తకం పట్టుకొని ఏడుస్తా కూసున్నా. రెండో తేదీ అచ్చులో పోయిందేమో అనుకొంటి."

"లోపలికి రా మే. అందరూ సూస్తాండారు" అని సువర్ణ చెయ్యి పట్టి లేపింది.

మంచినీళ్లు తాగి, తబిత సంచిలోంచి పుస్తకం తీసింది. పేజీల మధ్య క్యాలెండరు చింపిన ముక్కలు గుర్తులుగా పెట్టి ఉన్నాయి. ఒకటి కాదు, రెండు కాదు, అంచంతా అవే.

"ఇది అబద్ధం" అని మొదటి గుర్తు దగ్గర తెరిచింది. "పాపక్క కాన్పుకి టెంపోలోకి ఎక్కింది నేను. నువ్వు కింద నిలబడి టార్చి పట్టినావు. నా చేతులు వణికినాయని రాసినావే, వణికింది టార్చి."

"వణకలేదు."

"వణికింది. బిడ్డ తల యాడుండాదో కనపడక నేను దేవుణ్ణి తలుసుకొంటి." ఇంకో గుర్తు తెరిచింది. "ఇది మాత్రం బాగా రాసినావు. ఆ గొర్రెలాయన్ని నేను మర్సిపోయినాను. సదువుతాంటే ఆయప్ప మొకం మళ్లా కనపడింది." పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు లేవు, ఇంక ఇవన్నీ నేను ఎవురితో చెప్పుకొనేది అనుకొంటి."

సువర్ణకు సంతోషం పొంగుకొచ్చింది. దాని వెనకే కోపం కూడా వచ్చింది. "మరి ఫోన్లో పంపితే యాల సదవలేదు? కండ్లు లాగతాయని సాకు చెప్పినావే."

తబిత దాచుకోలేదు. "నువ్వు ఉండావు కదా అనుకొంటి సువర్ణక్కా. ఎప్పుడైనా సదవొచ్చులే అని."

సువర్ణకు బీరువాలోని ఆ చిన్న పుస్తకాల దొంతర గుర్తొచ్చింది. వాటిలో ఒక్క మనిషినైనా, బతికుండగా నీ కథేంటని తను అడిగిందా?

సాయంత్రానికి ఫోన్ తెరిచేసరికి మురళే చేశాడు. "మేడం, తప్పైపోయింది. పావురాలు తీసేసి అన్నిటికీ కొత్త కవరు వేసిస్తాను. రేపు ఆటో పంపిస్తా."

సువర్ణ కట్టల వైపు చూసింది. తర్వాత తబిత వైపు చూసింది. ఆమె అద్దాలు పెట్టుకుని, పుస్తకం మళ్లీ మొదటినుంచీ చదువుతూ, టార్చి దగ్గర ఇంకో గుర్తు పెడుతోంది.

"అన్నిటికీ వద్దప్పా" అంది సువర్ణ. "ఒక కట్ట అట్లే ఉండనీ. మా ఆడబిడ్డలకి పంపాల."