రెండు ఊళ్ళకూ నేనొక్కదాన్నే

మా పక్క ఊరి ఆశా కార్యకర్త మోకాళ్ళ నొప్పులతో పని మానేసింది. ఆవిడ చోట ఇంకొకరిని వేస్తారనుకున్నాం. వెయ్యలేదు. ఆ ఊరిని కూడా మా ఊరి ఆశానైన నాకే కలిపేశారు. మా ఆరోగ్య కేంద్రంలో సూపర్‌వైజరమ్మ ఆ కబురు చెబుతూ, "ప్రోగ్రామ్ విస్తరిస్తున్నారమ్మా, సంతోషించాలి" అంది. మనిషిని పెంచకుండా ఊరిని పెంచితే దాన్ని విస్తరించడం అంటారని నాకు అంతవరకూ తెలియదు.

మాది చల్లపల్లి దగ్గర చిన్న ఊరు. మా ఊళ్ళో ఎవరికి ఏ నెల నడుస్తోందో నేను కాగితం చూడకుండా చెప్పగలను. చర్చిలో నా పక్కన కూర్చునే పెద్దావిడ బీపీ మాత్ర మానేసిందంటే మొహం చూసి పట్టేస్తాను. కాలవ దాటితే వచ్చే ఆ రెండో ఊళ్ళో నాకు ఎవరూ తెలియదు. వాళ్ళకీ నేను తెలియదు. ఫోన్‌లో ఒక జాబితా ఇచ్చి, ఇంటింటికీ వెళ్ళి ఫొటో తీసి యాప్‌లో ఎక్కించమన్నారు. ఫొటో పడితే వెళ్ళినట్టు, లేకపోతే లేనట్టు.

ఆ జాబితాలో ఏడో నెల గర్భిణి ఒకమ్మాయి ఉంది. తొలి కాన్పు. భర్త విజయవాడ ఆటోనగర్‌లో లారీల మెకానిక్కు, ఆదివారాలు ఇంటికొచ్చేవాడు. మొదటిసారి వెళ్తే అత్తగారు గుమ్మంలోనే ఆపేసింది.

"మాకు వేరే ఆవిడుందమ్మా. ఆవిడే వచ్చిద్ది."

"ఆవిడ మానేసిందండీ. ఇప్పుడు నేనే."

"నువ్వెవరో మాకేం తెలుసు?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? మూడోసారి వెళ్ళినప్పుడు ఆవిడ అరుగు మీద గోంగూర ఒలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని ఒలిచాను. కట్ట అయిపోయాక కోడల్ని పిలిచింది. పిల్ల పాదాలు ఉబ్బి ఉన్నాయి. బీపీ ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువ చూపించింది. నర్సమ్మకు ఫోన్ చేస్తే, రెండు రోజులాగి మళ్ళీ చూడమంది.

"మంగళవారం వస్తానమ్మా. తగ్గకపోతే నేనే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తా" అని మాటిచ్చాను.

సోమవారం సాయంత్రం వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. మర్నాడు అందరూ విజయవాడ రావాలి, బెంజ్ సర్కిల్ దగ్గర హాల్లో మీటింగ్, రాకపోతే మెమో. సూపర్‌వైజరమ్మకు ఫోన్ చేసి, రేపు ఒక గర్భిణిని చూడాలండీ అన్నాను.

"ఒక్క కేసు కోసం మీటింగ్ మానేస్తావా? బుధవారం చూడు."

వెళ్ళాను. మెమోకు భయపడి వెళ్ళాను. ఆ కోపం నా మీద నాకు ఇప్పటికీ ఉంది.

ఏసీ హాల్లో పెద్ద తెర మీద మ్యాపు వేశారు. కార్యకర్త ఉన్న ఊళ్ళన్నీ ఆకుపచ్చ. మా ఊరు ఆకుపచ్చ, ఆ పక్క ఊరూ ఆకుపచ్చే. "మన దగ్గర ఖాళీ అన్న మాటే లేదు" అన్నాడు మైకు ముందున్న అధికారి. ముందు వరసల్లో చప్పట్లు కొట్టారు. అప్పుడు నా ఫోన్ మోగింది. ఆ అత్తగారు.

"అమ్మాయ్, మా కోడలు పొద్దుట్నించీ తలనొప్పని పడుకుంది. ఇప్పుడేమో కళ్ళు కనపడట్లేదంటంది. నువ్వొస్తానన్నావని చూస్తన్నాం."

"ఎడం పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నేను అంబులెన్సుకి చెప్తాను. నాకోసం ఆగకండి, బయల్దేరండి" అన్నాను.

"ఎవరమ్మా అది? ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోవాలని తెలీదా?" అని మైకులో వినపడింది.

లేచి నిలబడ్డాను. "సార్, మీ ఆకుపచ్చ ఊళ్ళో ఒక పిల్లకి కళ్ళు కనపడట్లేదు. ఈ పూట తనని చూడాల్సింది నేను. మీరు నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు."

"భోజనాలయ్యాక మాట్లాడదాం, కూర్చోండి" అన్నాడాయన. నేను బ్యాగు తీసుకుని, అంబులెన్సుకి ఫోన్ చేస్తూ బయటకు నడిచాను.

అంబులెన్సు వెంటనే వచ్చి బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. దారిలోనే పిల్లకు ఫిట్స్ వచ్చాయట. నేను బస్సు పట్టుకుని చేరేసరికి ఆపరేషన్ చేసి బిడ్డను బయటికి తీసేశారు. తల్లి బతికింది. బిడ్డ మర్నాటి దాకా ఉండి కన్నుమూసింది.

ఆటోనగర్ నుంచి గ్రీజు చేతులతోనే వచ్చిన భర్త నన్ను ఒక్కటే అడిగాడు. "మంగళవారం వస్తానన్నారంట గదక్కా?"

మీటింగ్‌కి వెళ్ళానని చెప్పాను.

"ఏం మీటింగు?"



వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. మీటింగ్ మధ్యలో ఎందుకు లేచిపోయారో రాతపూర్వకంగా చెప్పమన్నారు. బిడ్డ ఎందుకు పోయిందని మాత్రం ఎవరూ అడగలేదు. నేను జరిగింది జరిగినట్టు రాశాను. తోటి ఆశాలందరూ దాని కింద సంతకాలు పెట్టారు. ఆ ఊరి మనిషిని ఆ ఊరికి వేసేదాకా ఫొటోలు ఎక్కించబోమని అందరం ఆరోగ్య కేంద్రం ముందు కూర్చున్నాం. "ఇలాగైతే మీ ఉద్యోగాలే పోతాయి" అని బెదిరించారు. "తీసేయండి, అప్పుడు ఆ మ్యాపుకి మీరే రంగు వేసుకోండి" అంది మాలో వయసులో అందరికన్నా పెద్దావిడ.

నెలలు పట్టింది. చివరికి ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఒకమ్మాయిని వేశారు. ఆమెకు ముందు ఫోన్ ఇచ్చారు, బీపీ మిషన్ ఎప్పుడో తర్వాత ఇచ్చారు. నేను నాది పట్టుకుని వెళ్ళి, పట్టీ ఎలా చుట్టాలో, ఉబ్బిన కాలిని వేలితో నొక్కితే పడే గుంటను ఎలా చూడాలో నేర్పాను. ఇళ్ళ గురించి నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు, ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఇంత తేలికైన సంగతి ఒక బిడ్డ పోతే గానీ వాళ్ళకు బుర్రకెక్కలేదు.

మెమోకు నేనిచ్చిన జవాబుకు ఇంతవరకూ బదులు లేదు.

బిడ్డను పోగొట్టుకున్న ఆ పిల్ల ఇప్పుడు బాగానే ఉంది. చల్లపల్లి సంతలో కనపడితే "బాగున్నావా అక్కా" అంటుంది. వాళ్ళత్త మాత్రం మొహం తిప్పుకుంటుంది. ఆవిణ్ణి నేను ఏమీ అనుకోను.