జలీల్ సాబ్ తీయించిన తాళం

మా కొత్తవాడ సందులో అల్లం చాయ్ మరిగే వాసన వస్తే నాకు నోరూరదు, ఎవరితోనైనా వాదించాలనిపిస్తుంది. ఈ రోగం నాకు అంటించినవాడు జలీల్ సాబ్. మా దర్రీ నేతగాళ్ల సంఘానికి, అంటే జంపఖానాలు నేసేవాళ్ల సంఘానికి, అధ్యక్షుడు, తానూ మగ్గం మీద కూర్చునే మనిషి. బక్కగా ఉండేవాడు, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. నెలనెలా జరిగే మీటింగులో ఏ ప్రతిపాదన వచ్చినా, దాన్ని వద్దనే మాట ఒక్కటైనా వినిపించేదాకా చాయ్ తెప్పించేవాడు కాదు. "అందరు ఔననుడే అయితే మీటింగెందుకు? ఇంట్లనే తలకాయలు ఊపుకోండ్రి," అనేవాడు. వద్దన్నవాడి మాటను వాడన్నది అన్నట్టే సంఘం పుస్తకంలో తీర్మానం పక్కన రాసేవాడు.

ఆ సంఘంలో ప్రజాస్వామ్యాన్ని నిలబెట్టింది నేనే. ప్రతి మీటింగులో లేచి నిర్భయంగా వద్దన్నది నేనొక్కణ్ణే. సరే, నిజం చెప్పేస్తాను. చాయ్ తొందరగా వస్తుందని లేచేవాణ్ణి. ఒకసారి గోడకు సున్నం వేయిద్దామంటే దానికీ అడ్డం చెప్పాను. జలీల్ సాబ్ నవ్వకుండా అదీ రాసుకున్నాడు.

ఒక్కసారి మాత్రం మనస్ఫూర్తిగా వద్దన్నాను. ఇరవై ఏళ్ల కిందటి మాట. ఏదో పెద్ద హోటల్ నుంచి ఆర్డరు వచ్చింది. ఆరు నెలలపాటు అన్ని మగ్గాల మీదా ఒకే డిజైను, ఒకే బూడిద రంగు. అందరం ఆ ఒక్క హోటల్‌నే నమ్ముకుంటే పాత గిరాకీ అంతా చేజారిపోతుందని నా భయం. రెండు వందల మందికి ఎదురు నిలిచి గర్జించాను. రెండు వందలు కాదులెండి, ముప్పై మంది. గర్జించలేదు, గొణిగాను. చేతులెత్తమంటే నా వైపు లేచింది నా చెయ్యి ఒక్కటే.

రంగుల షెడ్డు చూసుకునేది నేనే. మర్నాటికీ కోపం తగ్గలేదు. పొద్దున్నే షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. లోపల గంగాళంలో కొత్త ఆర్డరు తాలూకు మొదటి నూలు ఉడుకుతోంది. అది రాజవ్వది. ఒంటరి ముసలామె, ఒక్క మగ్గం మీద బతికేది. కర్రతో తిప్పుతూ, వేళకు తీయకపోతే నూలుకు మచ్చలు పడతాయి, ఆమె మగ్గం ఖాళీ అవుతుంది. నూలు సంగతి మరిచిపోయానని ఆ రోజు అందరితో అన్నాను. మరవలేదు. ఆ నూలు గంగాళంలో వేసింది నా చేతులే.

కనకయ్య అనే నేతగాడు గడ్డపార పట్టుకుని వచ్చాడు. "తాళం పలగ్గొడ్త. వీన్ని సంఘం నుంచి గూడ ఎల్లగొడ్దాం. నిన్నటి సంది ఒక్కటే వద్దు వద్దు!"

జలీల్ సాబ్ గడ్డపారకు అడ్డంగా నిలబడ్డాడు. "నిన్న వద్దన్నడు. అది ఆయన హక్కు, దానికి ఒక్క మాట అననియ్య. ఇయ్యాల తాళమేసిండు. దీని ముచ్చట వేరే." తర్వాత నా వైపు తిరిగాడు. "మల్లేశం, జర ఇను. నువ్వు మాతోని కొట్లాడినవ్, మేం నీతోని కొట్లాడినం. రాజవ్వ నూలు నీతోని ఏం కొట్లాడింది?"

"నా మాట ఎవలిన్నరు సాబ్?"

"అందరిన్నరు. ఒప్పుకోలే. ఇనుడు వేరే, ఒప్పుకునుడు వేరే."

అప్పటికి అక్కడికి వచ్చిన రాజవ్వ నన్ను తిట్టలేదు. "కొడుకా, మీ పంచాది మల్ల చూసుకోండ్రి. ముందుగాల నూలు తియ్యి. కరాబైపోతాంది," అంది.

తాళం తీశాను. అప్పటికే సగం నూలుకు మచ్చలు పడ్డాయి.

తర్వాతి మీటింగులో నన్ను తీసేయాలని కనకయ్య తీర్మానం పెట్టాడు. జలీల్ సాబ్ దాన్ని రెండుగా చీల్చాడు. తాళం వేసినందుకు నా మగ్గం వంతు నూలు రాజవ్వకు, షెడ్డు బాధ్యత ఏడాదిపాటు ఇంకొకరికి. ఇక వద్దన్నందుకా? "దీని మీద ఓటే లేదు," అన్నాడు. మొదటిదానికి అందరికన్నా ముందు చెయ్యెత్తానని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. చివరన ఎత్తాను. అదీ సగమే.

ఆ ఆర్డరు చక్కగా సాగింది. పాత గిరాకీ ఎక్కడికీ పోలేదు. సిగ్గుపడి, పుస్తకంలో నా మాట కొట్టేయమని ఆయన్ని అడిగాను.

"ఎందుకు కొట్టెయ్యాలె?"

"తప్పు చెప్పిన కద సాబ్."

"తప్పయితె కానియ్. రేపు ఇంకొకలు ఒక్కలే లేసి నిలబడ్డప్పుడు, ఇంతకుముందు గూడ ఒకడు నిలబడ్డడు, వాన్ని ఎవ్వలు ఎల్లగొట్టలేదని తెల్వాలె."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. మొన్న మా సంఘం మరమగ్గాలు తేవాలని తీర్మానించింది. నేను వద్దన్నాను. నాతో కలిపి నలుగురం. ఓడిపోయాం. మర్నాడు పాత మగ్గాలు జరిపి వాటికి చోటు చేస్తుంటే నేనూ వెళ్లాను. ముందుండి మోశానని ఇంట్లో చెప్పాను గానీ, ఈ వయసులో నన్నెవరు మోయనిస్తారు? తలుపు మూసుకుపోకుండా పట్టుకుని నిలబడ్డాను, అందరూ దాటేదాకా. కడుపు మండుతూనే ఉంది.

వచ్చే మీటింగులో మళ్లీ లేస్తాను. మరమగ్గాలు ఎందుకు వద్దో నా దగ్గర ఇంకా ఏడు కారణాలున్నాయి. ఏడు లేవు, రెండే. ఆ రెండూ చెబుతాను.