బాపు తలూపితే చాలు

మా అడవి వాచర్ బాపు పోయాడన్న కబురు కామారెడ్డి బస్టాండులో తెలిసింది. ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడి ఉంటే అడవి గుంటలకు నీళ్ల ట్యాంకర్ నడిపే అన్న ఫోన్ చేశాడు. "బాపు లేడమ్మా. పొద్దుగాల చాయ్ తాగి కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అన్నాడు. బస్సు ఎక్కాను, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. ఏడుపు మాత్రం లింగంపేట దాటాక వచ్చింది.

నాది వేసవి ఉద్యోగం. ఎండలు ముదిరినప్పుడు మొదలై తొలి వానకు ముగుస్తుంది. అడవిలో జంతువుల కోసం కట్టిన నీటిగుంటల చుట్టూ మెత్తటి మన్ను పరిచి, రాత్రి ఏ జంతువు వచ్చిపోయిందో పొద్దున్నే అడుగుల గుర్తులు చూసి రాసుకోవాలి. ఆ అడవికి బాపు కాపలాదారు. నాలుగేళ్ల కింద జువాలజీ డిగ్రీతో, తలలో మల్లెపూలతో నేను దిగినరోజు ఎగాదిగా చూసి, "పెండ్లికచ్చినవా బిడ్డా, పనికచ్చినవా?" అన్నాడు. ఆ సాయంత్రమే పూలు తీసేశాను.

గుర్తును చూడటానికి ఆయన గొంతుక్కూర్చునేవాడు. ఎండ ఎదురుగా పడేలా చూసుకుని, తల అటూ ఇటూ వంచి, తొందర లేకుండా చూసేవాడు. నేను నిలబడి ఫోటో తీసి వెళ్లిపోబోతే, "నీ డిగ్రీ కన్న నా మోకాళ్లు ఎక్కువ సదివినయ్, కూసో" అనేవాడు. "సూసింది రాయి, అనుకున్నది రాయకు" అన్నది ఆయన రోజూ చెప్పే మాట. నాకు మొదట్లో అది చాదస్తం అనిపించింది.

చాదస్తం కాదని ఆ మొదటి వేసవిలోనే తెలిసింది. ఒక పొద్దున గుంట దగ్గర పెద్ద అడుగు కనిపించింది. ఒళ్లు పులకరించి ఫారంలో 'చిరుత' అని రాసేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. పక్క తండాలో చాయ్ తాగుతూ గొప్పగా చెప్పాను కూడా. అది బీడీలకు తునికాకు కోసే కాలం. మర్నాడు ఆడవాళ్లు ఒక్కరూ అడవికి వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. ఆకు ముదిరితే ఎవరూ కొనరు, వాళ్ల ఏడాది ఆశ అంతా ఆ కొన్ని రోజుల మీదే.

బాపు నా ఫోటో చూశాడు. "గోర్ల గుర్తులు కనబడుతున్నయా? చిర్త నడిసేటప్పుడు గోర్లు లోపల్కి గుంజుకుంటది. ఇది దుమ్ములగొండి, మనుసుల జోలికి రాదు." ఫారంలో దిద్దేస్తానన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "కాయితం మీద కొట్టేస్తవ్. ఆడోళ్ల గుండెలకెల్లి ఎట్ల కొట్టేస్తవ్?" అని నన్ను తండాకు బయల్దేరదీశాడు.

"మీరే చెప్పండి బాపూ, మీ మాటైతే వింటారు" అని దారంతా బతిమాలాను.

"నేను జెప్తె నన్ను నమ్ముతరు. తప్పు నీది. నువ్వే జెప్పు."

అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. నేల మీద వేలితో రెండు అడుగులూ గీసి తేడా చూపించాను. ఒక అవ్వ నడుము మీద చేతులు పెట్టుకుని, "మొన్న చిర్త అంటివి, ఇయ్యాల కాదంటున్నవ్. రేపేమంటవ్?" అని అడిగింది. నేను మళ్లీ గోళ్ల గుర్తులే చూపించాను. బాపు చెట్టుకానుకుని నిలబడి చూస్తున్నాడు. చివరకు అవ్వ ఆయన వైపు తిరిగి, "నిజమేనా బాపూ?" అంది. ఆయన తలూపాడు. తెల్లారి ఆడవాళ్లు ఆకుకు వెళ్లారు. వెళ్లింది నా మాట మీద కాదని నాకు బాగా తెలుసు.

తర్వాత నన్ను దగ్గర పెట్టుకుని నేర్పాడు. సెలవు రోజు పాత మోపెడ్ మీద నిజాంసాగర్ ఒడ్డుకు తీసుకెళ్లేవాడు. ఒకసారి ఉన్నట్టుండి బండి ఆపి, "గా రాళ్లల్ల నాలుగు రాళ్లు కావు, సూడు" అన్నాడు. ఎంతసేపు వెతికినా దొరకలేదు. అవి తీతువు గుడ్లు. ఏదైనా తెలియదంటే ఆయనకు కోపం వచ్చేది కాదు, తెలిసినట్టు నటిస్తేనే వచ్చేది. నా అదృష్టం కొద్దీ నాలుగు వేసవులు ఆయన వెంట నడిచాను.

ఆయన పోయిన మూడో రోజు గుంటల దగ్గరికి వెళ్లాను. తండా ఆడవాళ్లు ఆకు కోయడానికి అడవి అంచుకు వచ్చి ఆగి ఉన్నారు. దారి మీద ఏవో అడుగులున్నాయి. అడుగుదామంటే బాపు లేడు. ఆ అవ్వ నన్ను చూసి, "ఏందమ్మా ఇది?" అంది.

గొంతుక్కూర్చున్నాను. చాలాసేపు చూశాను. వెడల్పాటి పాదం, ముందుకు సాగిన పొడుగు గోళ్లు, పక్కనే అలాంటివే చిన్నవి.

"ఎలుగుబంటి అవ్వా. పిల్లతో ఉంది. ఇవాళ ఇటు వద్దు, తూర్పు గుట్టకు పొండి" అన్నాను.

అవ్వ నా మొహంలోకి చూసింది. నిజమేనా అని అడగలేదు. తలగుడ్డ బిగించుకుని తూర్పుకు తిరిగింది. ఆమె వెనకే మిగతావాళ్లు, ఒకరి వెనక ఒకరు, గుట్ట ఎక్కి మోదుగుల్లో కలిసిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను.