తెల్లకణాలు పెంచే సూది

ఖానాపూర్ పశువుల దవాఖానలో నేను కాంపౌండర్‌ని. బర్రెలకు, ఎడ్లకు, గొర్రెల మందలకు సూదులు వేయడమే నా పని. తొంభైల నడుమ నా భార్యకు రొమ్ములో గడ్డ లేచింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి కీమో మొదలుపెట్టారు.

కీమో ఎక్కించిన ప్రతిసారీ ఆమె రక్తంలో తెల్లకణాలు పడిపోయేవి. అవి లేకపోతే చిన్న జలుబైనా ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పారు. వాటిని పెంచే మందు కొత్తగా వచ్చిందట. రోజుకొకటి చర్మం కింద వేయాలి. నా పని తెలుసుకుని, "ఇక నర్సు ఎందుకు?" అని సీసాలు నా చేతికే ఇచ్చారు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. మా పశువుల డాక్టరును అడిగి, దవాఖాన ఫ్రిజ్‌లో టీకాల పక్కన పెట్టుకున్నాను.

రోజూ పొద్దున ఒక సీసా ఇంటికి తెచ్చేవాణ్ని. ఆమె కొంగు జరిపి, మొహం గోడవైపు తిప్పుకునేది. మూడో రోజుకు నడుములో, తుంటిలో నొప్పులు మొదలయ్యాయి.

"లోపల ఎవలో బొక్కలు ఇరుస్తున్నట్టున్నది. ఏం సూది ఏస్తున్నవయ్యా?"

"నొప్పి లేస్తే మందు పని చేస్తున్నట్టట. డాక్టర్ సాబ్ చెప్పిండు."

"ఇయ్యాల ఒక్కరోజు ఇడిసిపెట్టు."

"ఇడిస్తే కణాలు పెరగయి."

ఆమె మళ్ళీ కొంగు జరిపింది. పశువు తన్నుకుంటే నలుగురం కలిసి పట్టుకునేవాళ్ళం. ఆమె తన్నుకోలేదు. నాకు అదే ఎక్కువ కష్టమైంది.

ఎనిమిదో రోజు నిర్మల్‌లో రక్తపరీక్ష చేయించాం. కణాలు బాగా పెరిగాయి. నేను సంతోషపడ్డాను. బస్టాండులో ఆమె మెల్లగా అంది: "పెరిగినయంటే మల్ల గా కీమో ఎక్కిస్తరు గద."

సూదులు వేసి ఆమెను కాస్త లేపేవాణ్ని, లేవగానే మళ్ళీ అక్కడికే తీసుకుపోయేవాణ్ని.

అట్లా నాలుగుసార్లు గడిచింది. ఐదోసారి, నాలుగో సూది పడ్డ నాడు, "ఈసారి నొప్పే లేదయ్యా" అంది, మొహం తేటగా పెట్టి. జావ కూడా తాగింది. నొప్పి లేదన్న మాటకే నేను ఎనిమిదో రోజు దాకా ఆగలేదు. మరునాడు పరీక్ష చేయిస్తే కణాలు దాదాపు లేనట్టే ఉన్నాయి. ఆ సాయంత్రమే జ్వరం వచ్చింది. జీపు మాట్లాడుకుని హైదరాబాద్ పోయాం.

విడిగా ఒక గదిలో పెట్టారు. నేను తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను.

"సూది ఇంకొంచెం ఎక్కువ వేస్తే?" అని డాక్టరును అడిగాను.

"వేస్తూనే ఉన్నామండీ. ఎముకల్లో ఆ కణాలు తయారుచేసే మూలుగ స్పందించడం లేదు."

మూడో రోజు పొద్దున ఆమె పోయింది.

ఊరికి తెచ్చాక వాళ్ళక్క నా పక్కన కూర్చుంది. "నువ్వు సూదులేసేటోనివే గద మరిది. నీకన్న గిట్లైతదని తెలువలేదా?"

"తెలువలేదు వదినా," అన్నాను.