పొగ రాని కుంపటి

డిసెంబర్ 27, శనివారం. మూడుసార్లు తట్టాక తలుపు తీసిన సారమ్మ నన్ను చూసి నవ్వలేదు. గోడ పట్టుకుని నిలబడింది.

ఆమె నా రూమ్మేట్‌కు అమ్మమ్మ. ఇల్లందులో ఒంటిగది కిరాయి ఇంట్లో ఉంటుంది. సెలవులకు హాస్టల్ ఖాళీ అయి నాలుగు రోజులు. మెస్‌లో నా ఒక్క కంచం చప్పుడే నాకు వినిపించేది. బొగ్గు పనివాళ్ల మాటలు నోటుబుక్కులో రాసుకుందామని ఖమ్మంలో ఆరింటి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. గంటన్నర ప్రయాణం.

"తల పగులుతున్నది బిడ్డా. వాంతి గూడ అయింది. నిన్న గూడ గిట్లనే. బయటికి పోతే తగ్గింది, ఇంటికొస్తే మళ్ల మొదలు" అంది. మంచం పక్కన కుంపటి ఎర్రగా ఉంది. పొగ లేదు. కిటికీ మూసి ఉంది, వెంటిలేటర్‌లో గోనెసంచి కుక్కి ఉంది. బొగ్గు సరిగా కాలనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవని క్లాసులో చదివాను. ఆమెను వెంటనే వీధిలోకి నడిపించాను.

పక్కింటి ఆటో అతను "ఏందత్తా, పండుగ కేకు ఎక్కువైందా?" అన్నాడు.

"నీ నోరు పడ! జల్దీ నడుపు" అంది సారమ్మ ఆటో ఎక్కుతూ.

దవాఖానాకు ఆటో కిరాయి యాభై రూపాయలు. అక్కడ రక్తం పరీక్ష చేసి, ఆక్సిజన్ పెట్టారు. "ఇంకోసారి గట్ల పండుకుంటే లేచేదానివి కాదమ్మా" అన్నాడు డాక్టర్. సాయంత్రానికి గానీ పంపలేదు.

ఇంటికొచ్చిన గంటకే ఆమె అరుగు మీద కుంపటి రాజేసింది. పొగ పోయేదాకా ఆగి, చేతుల్లోకి ఎత్తుకుంది.

"అమ్మమ్మా, లోపలికి వద్దు! పొగ లేకపోయినా గ్యాసు వస్తుంది."

"పొగ పోయింది గదా. గ్యాసు బాయిల ఉంటది, ఇంట్ల ఏడికెల్లి వస్తది?"

బొగ్గు గనిని ఇక్కడ బాయి అంటారు. ఆమె భర్త బతికినన్నాళ్లూ బాయిలో పనిచేశాడు.

"నిప్పుంటే గదిల ఇంకో మనిషి ఉన్నట్టుంటది" అంది మెల్లగా. ఎవరో ఉన్నట్టుండే చప్పుడు కోసమే నేను కూడా చలికాలంలోనూ హాస్టల్ ఫ్యాను వేసుకుంటాను.

అడిగాను: "తాత బాయిల దిగే ముందు ఏం చూసేటోడు?"

"గాలి. గాలి ఆడకుంటే ఎవ్వర్నీ దిగనియ్యకపోయేటోడు."

"మరి నీ గదిల?"

ఆమె వెంటిలేటర్‌లోని గోనెసంచి వైపు చూసింది. కుంపటి అరుగు మీదే దించింది. "నువ్వు గూడ ఆయన లెక్కనే సతాయిస్తున్నవ్" అంటూ పక్కన చోటు చూపించింది. ఇద్దరం అక్కడే చేతులు కాచుకున్నాం.

ఈరోజు నోటుబుక్కులో రాసుకున్న కొత్త మాట ఒక్కటే, బాయి. నాకు తెలిసిన విషయం ఆమెకు చెప్పడానికి మాత్రం ఆమె మాటలే కావలసి వచ్చాయి. చలికాలం ఇటు వచ్చేవాళ్లు ఒక దుప్పటి ఎక్కువ తెచ్చుకోండి. కిటికీ తెరిచినా సరే, పొగ లేకపోయినా సరే, గదిలో బొగ్గుల కుంపటి పెట్టనివ్వకండి. లోపలుంటే తలనొప్పి, బయటికొస్తే తగ్గడం కనిపిస్తే అందరినీ బయటికి తెచ్చి వెంటనే దవాఖానాకు వెళ్లండి.

రేపు ఆదివారం. ఏడింటికి స్టూలు వేసి గోనెసంచి పీకాలి. తర్వాత అమ్మమ్మతో చర్చికి వెళ్లాలి. కుంపటి పెట్టుకునే ఇళ్లు ఈ వీధిలో ఇంకా ఆరున్నాయట. వాళ్లకు తనే చెబుతానంది.